పడావు భూముల్లో పండిన అన్నం
(జహీరాబాదు మహిళా సంఘాల చరిత్ర)

"అన్నమో రామచంద్రా" అనే మాట మన తెలుగువారి నోట ఎప్పుడు పుట్టిందో ఎవరూ చెప్పలేరు గాని, ఆ మాట పుట్టడానికి కారణమైన కరువులను మాత్రం మనలో ప్రతి కుటుంబమూ ఎక్కడో ఒకచోట తలచుకుంటూనే ఉంటుంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. నాటి నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఈ నేటాల్ గడ్డ మీద కాలు పెట్టారు. వారిలో తెలుగు జిల్లాల నుండి వచ్చినవారిలో చాలామందిని ఓడ ఎక్కించినవి వానలు లేని ఏళ్ళు, తీరని అప్పులు, ఖాళీ అయిన గాదెలు. వారి చెరకు తోటల జీవితాన్ని గురించి, వారు కట్టుకున్న గుడులను, బడులను గురించి ఇటువంటి సంచికల్లో మనం ఎన్నోసార్లు చదువుకున్నాము.

అయితే ఓడ ఎక్కనివారి మాట ఏమిటి? కరువు వచ్చినా, అప్పు పెరిగినా ఆ నేలనే పట్టుకొని ఉండిపోయినవారు ఆకలితో ఎలా పోరాడారు? ఇది చాలా పెద్ద ప్రశ్న. దీనికి జవాబుగా తెలుగుదేశమంతటి చరిత్రా చెప్పడం మా శక్తికి మించిన పని. అందుచేత ఒక్క మూలను మాత్రం తీసుకొని, అక్కడ గత నాలుగు దశాబ్దాలలో జరిగిన ఒక పనిని మన కుటుంబాలవారి ముందు ఉంచుతున్నాము. ఆ మూల పేరు జహీరాబాదు. ఆ పని చేసినవారు చదువు లేని, చాలామందికి సొంత సేద్యమంటూ లేని దళిత స్త్రీలు. వారికి తోడు నిలిచిన స్వచ్ఛంద సంస్థ పేరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ.

నేల, మనుషులు

జహీరాబాదు హైదరాబాదుకు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరాన, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్నది. నిజాం కాలంలో ఇది బీదరు జిల్లాలోది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. 2016 నుండి తెలంగాణ రాష్ట్రంలోని సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ ఒకే సంతలో వినిపించే సీమ అది. కొంత నల్లరేగడి, కొంత ఎర్రనేల. ఎర్రనేలల్లో చాలా భాగం రాళ్ళూ మొరమూ కలిసిన పలుచని నేల. కాలువల నీరు అందని చోట వాన పడితేనే పంట.

ఇటువంటి సీమలో పూర్వం ప్రధానమైన తిండి జొన్న. జొన్నరొట్టె, జొన్న గటక, జొన్న అంబలి. వాటితోబాటు సజ్జ, కొర్ర, సామ. పప్పుకు కంది, పెసర, అనుములు. తిండి మోటుదే అయినా బలమైనది. అయితే పేదవారి ఇంట ఆ తిండైనా ఏడాది పొడుగునా ఉండేది కాదు. పంట చేతికొచ్చిన నాలుగు నెలలు గడిచేసరికి కుండలు ఖాళీ. వానలు మొదలై, ఆషాఢ శ్రావణాలు వచ్చేసరికి ఇంట్లో పాత గింజ ఉండదు, చేలో కొత్త గింజ ఇంకా పాలు పోసుకోదు. అప్పుడు మోతుబరి ఇంటికి వెళ్ళి గింజలు నాగుకు తెచ్చుకోవాలి. ఒక కుంచం తెస్తే పంట మీద కుంచమున్నర కొలవాలి. ఆ కొలిచేదానితోనే వచ్చే ఏటి ఆకలి మొదలయ్యేది. ఇది ఒక ఇంటి కథ కాదు, ఒక ఊరి కథ కాదు. దక్కను మెట్టభూములలో తరతరాలుగా తిరిగిన చక్రం ఇది.

ఇందులో విచిత్రమేమంటే, ఈ పేదలలో చాలామందికి కాగితం మీద భూమి ఉన్నది! భూమిలేనివారికని ప్రభుత్వం పంచిన బంజరు భూములు ఎకరమో రెండెకరాలో వారి పేరున ఉండేవి. కాని వాటినిండా రాళ్ళు. దున్నడానికి ఎద్దులు లేవు, వేయడానికి పెంట ఎరువు లేదు, విత్తనం లేదు. అన్నిటినీ మించి, తన చేను బాగుచేసుకుంటూ కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. కూలి పోతే పొయ్యి వెలగదు. అందుచేత భూమి గలవారే తమ భూమిని పడావు పెట్టి, పరుల చేలకు కూలికి పోయేవారు.

1983

1983వ సంవత్సరంలో రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి అందరికీ తెలిసినది. శ్రీ నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వం పేదలకు కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చే పథకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టింది. లక్షలాది ఇళ్ళలో ఆ బియ్యం కడుపు నింపింది. దాని మేలును తక్కువ చేసి మాట్లాడడం అన్యాయమే అవుతుంది. కాని మెట్టసీమలలో దానికి రెండవ ముఖం కూడా కనిపించింది. చవకగా బియ్యం దొరికేటప్పుడు కష్టపడి జొన్న ఎందుకు పండించాలి? పండించినా కొనేదెవరు? పైగా వరి అన్నం గొప్పవారి తిండి, జొన్నరొట్టె బీదవారి తిండి అనే భావం ముందునుంచీ ఉండనే ఉన్నది. అందుచేత జొన్న చేలు కొన్ని పడావు పడ్డాయి, మరికొన్ని చెరకుకు, ఇతర అమ్మకపు పంటలకు మారాయి. దూరాన ఉన్న వరి మాగాణుల నుండి బియ్యం లారీలలో రావడం, పక్కనున్న చేను పచ్చిక మొలిచి ఉండడం ఒకే ఊళ్ళో కనిపించిన దృశ్యాలు.

రెండవ సంఘటన అంతగా ఎవరికీ తెలియనిది. కొందరు మిత్రులు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని అదే సంవత్సరం స్థాపించారు. వారిలో ముఖ్యుడు శ్రీ పి. వి. సతీష్. ఆయన 1945లో మైసూరులో పుట్టిన కన్నడిగుడు, పత్రికా రచయిత, దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చూపించిన ప్రయోగంలో పనిచేసినవాడు. పల్లెవారికి చెప్పవలసిన సంగతుల కన్న వారి దగ్గర వినవలసిన సంగతులే ఎక్కువని ఆయనకు తోచినట్లున్నది. సంస్థ జహీరాబాదు పక్కనున్న పస్తాపూర్ గ్రామాన్ని తన నెలవు చేసుకున్నది. ఊరూరా స్త్రీల సంఘాలు ఏర్పడ్డాయి. పగలంతా కూలి చేసి, వంట ముగించి, రాత్రి వేళ స్త్రీలు ఒకచోట కూడి మాట్లాడుకునేవారు. మొదట కొద్దిపాటి పొదుపు, తరువాత కూలి సంగతి, ఆ తరువాత అసలు సంగతి: భూమి, గింజ.

రాళ్ళు ఏరిన కూలి

సంఘం మొదట పట్టుకున్నది ఆ పడావు భూములనే. ఉపాయం చాలా సులభమైనది. కూలి పోతుందనే కదా ఎవరూ తమ చేను బాగుచేసుకోనిది? అయితే తమ చేను బాగుచేసుకున్నందుకే కూలి ఇస్తే? ఎండాకాలంలో వేరే పని దొరకని రోజుల్లో స్త్రీలు గుంపులుగా ఒకరి చేలో ఒకరు రాళ్ళు ఏరారు, గట్లు వేశారు, మట్టి తోలారు. ఆ పనికి సంస్థ ద్వారా కూలి ముట్టింది. పస్తుండవలసిన నెలల్లో తిండి దొరికింది, వాన పడేసరికి చేను సిద్ధమైంది. కరువు పనుల పేరుతో పూర్వం ప్రభుత్వాలు రోడ్ల మీద కంకర కొట్టించిన సంగతి మనకు తెలుసు. కంకర కొట్టినవానికి ఆ పూట కూలి తప్ప మిగిలేదేమీ లేదు. ఇక్కడ మాత్రం చెమట చిందిన చోటే మరునాడు పంట మొలిచింది.

భూమి బొత్తిగా లేనివారు పదిమందో పదిహేనుమందో కలిసి భూమి కౌలుకు తీసుకున్నారు. కలిసి దున్నించి, కలిసి కలుపు తీసి, పంటను పంచుకున్నారు. ప్రభుత్వ పథకాల తోడ్పాటుతో కొందరు భూమి కొనుక్కున్నారు కూడా. నిన్నటిదాకా గట్టు మీద నిలబడి "ఏం పని చెప్తరు పటేలా?" అని అడిగిన మనిషి, చేలో నిలబడి ఏ పంట వేయాలో తాను నిశ్చయించుకోవడం చిన్న మార్పు కాదు.

తమ రేషను తామే

1990ల మధ్యలో ఈ సంఘాలు తలపెట్టిన పని మా దృష్టిలో అన్నిటికన్న గొప్పది. కేంద్ర ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి శాఖ సహాయంతో, ముప్పైకి పైగా గ్రామాలలో రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చారు. అది నడిచిన తీరు కొంచెం వివరంగా చెబుతాము.

పడావు భూమి ఉన్న చిన్న రైతుకు దున్నకానికి, ఎరువుకు, విత్తుకు, కలుపుకు ఏ పనికి ఆ పని అయినకొద్దీ విడతలుగా అప్పు ఇస్తారు. డబ్బు మొత్తం ఒక్కసారి చేతిలో పెట్టరు. పని జరిగిందా లేదా అని చూసేది ఆ ఊరి సంఘం స్త్రీలే. పంట వచ్చాక రైతు ఆ బాకీని డబ్బుగా కాక జొన్నలుగా కొన్ని సంవత్సరాలలో తీర్చాలి. ఆ జొన్నలన్నీ ఊళ్ళోనే గుమ్ముల్లో, వేపాకూ బూడిదా కలిపి పాతకాలపు పద్ధతిలో నిలవచేస్తారు. ఆషాఢం వచ్చి పేదల కుండలు ఖాళీ అయ్యేటప్పటికి ఆ గుమ్ములు తెరుస్తారు. బజారు ధర కన్న బాగా తక్కువకు పేద కుటుంబాలకు నెలనెలా కొలుస్తారు. అలా వచ్చిన డబ్బు తిరిగి మరుసటి ఏటి సేద్యానికి మూలధనమవుతుంది.

ఇక ఎవరు పేదలు? కచేరీలో కూర్చున్న గుమాస్తా వ్రాసిన పట్టీ ప్రకారం కాదు. ఊరివారంతా ఒకచోట చేరి, నేల మీద రంగుపొడులతో ఊరి పటం గీసి, ఇంటింటినీ పేరుపేరునా చర్చించి నిర్ణయించారు. ఫలానా ఇంట మగదిక్కు లేదు, ఫలానా ఇంట జబ్బు మనిషి ఉన్నాడు, ఫలానా వారికి భూమి ఉన్నా ఎద్దులు లేవు. ఇవన్నీ ఊరికే తెలుసు. పేదరికంలో కూడా మెట్లు ఉన్నాయి. అందరికన్న పేదవారికి ఎక్కువ గింజ, కాస్త నిలదొక్కుకున్నవారికి తక్కువ. పదిమంది ఎదుట జరిగే నిర్ణయం కాబట్టి అబద్ధం చెప్పడానికి వీలులేదు.

ఈ ఏర్పాటులో మనం గమనించవలసినది ఒకటున్నది. ఇక్కడ తిన్నవాడు బిచ్చగాడు కాలేదు. పండించినవారూ, నిలవ చేసినవారూ, కొలిచినవారూ, కొన్నవారూ అందరూ ఒకే ఊరివారు. నేల బాగుపడింది, కలుపు తీతలో కూలి పెరిగింది, పశువులకు జొన్నచొప్ప దొరికింది, ఇంటికి గింజ చేరింది. అన్నదానం గొప్పదని మన పెద్దలు చెప్పారు. అన్నం పండించుకునే దారి చూపడం అంతకన్న గొప్పదని ఈ స్త్రీలు చేసి చూపారు.

విత్తనం బుట్టలో దాగిన విద్య

గింజ తరువాత విత్తనం. బజారులో కొన్న విత్తనం ఒక్క ఏడాదికే పనికివస్తే రైతు మళ్ళీ అప్పుల పాలే. అందుకని సంఘం స్త్రీలు పాత విత్తనాలను వెదికి పట్టుకున్నారు. ముసలమ్మల అటకల మీద, ఉట్ల మీద మిగిలిన పిడికెడు గింజలు తెచ్చి విత్తి పెంచారు. పేడా మట్టీ మెత్తిన బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచారు. అరవై దాకా గ్రామాలలో ఇటువంటి విత్తన నిధులు ఏర్పడ్డాయి. విత్తనం అమ్మరు. ఒక పాలు తీసుకున్నవారు పంట మీద ఒకటిన్నరో రెండో పాళ్ళు తిరిగి ఇస్తారు. అదే నాగు పద్ధతి! కాని మోతుబరి గాదెలోకి పోయే వడ్డీ ఇప్పుడు పొరుగింటి స్త్రీ చేలోకి పోతున్నది. పాత ఆచారాన్ని తిరగేసి మేలుకు వాడుకోవడమంటే ఇదే.

వారి సేద్యం కూడా చూడదగినది. ఒకే చేలో జొన్న, సజ్జ, కంది, పెసర, బెబ్బర్లు, అనుములు, నువ్వులు, పుంటికూర ఇలా పది పదిహేను రకాలు, ఒక్కొక్కచోట ఇరవై రకాలు కూడా కలిపి విత్తుతారు. వాన ముందు వచ్చినా, వెనక వచ్చినా ఏదో ఒకటి చేతికి దక్కుతుంది. నల్లరేగడిలో చలికాలపు మంచుకే పండే పంటలను వారు 'సత్యం పంటలు' అంటారు. ఎవరూ విత్తకుండానే చేలో మొలిచే జొన్నచెంచలి, తుమ్మి, గునుగు, పొన్నగంటి వంటి ఆకుకూరలు వారికి కలుపు మొక్కలు కావు, కూరలే. మందులు చల్లని చేలోనే అవి బతుకుతాయి, వాటితో పేదల పిల్లలూ బతుకుతారు.

ఊరేగిన గింజలు, పలికిన రేడియో

2000 ప్రాంతం నుండి ప్రతి ఏటా సంక్రాంతి వేళకు ఆ సీమలో 'పాత పంటల జాతర' జరుగుతున్నది. ఎడ్లబండ్లను అలంకరించి, వాటి మీద రకరకాల విత్తనాలను పెట్టి, పాటలతో డప్పులతో సుమారు నెల రోజులు ఊరూరా తిప్పుతారు. ఎదురువచ్చినవారు బండ్లకు పూజ చేస్తారు. దేవుడి పల్లకీకి జరిగే మర్యాద గింజకు జరుగుతుంది. బీదవారి తిండి అని తలవంచుకున్న జొన్నకు అదే పల్లెలో తల ఎత్తే రోజు వచ్చిందన్నమాట.

ఈ స్త్రీలు తమ మాట తామే చెప్పుకోవాలని కోరారు. యునెస్కో సహాయంతో మాచనూరులో రేడియో కేంద్రం 1990ల చివరనే సిద్ధమైంది. కాని ప్రసారానికి అనుమతి లేదు. దాదాపు పదేళ్ళు వారు కార్యక్రమాలు తయారుచేసి, టేపుల మీద సంఘాల సమావేశాలలో వినిపించుకుంటూ కాచుకున్నారు. చివరకు 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' గాలిలో పలికింది. పల్లెటూరి దళిత స్త్రీలు తమ యాసలో, తమ పాటలతో, విత్తనం గురించీ పిల్లల జబ్బుల గురించీ తామే మాట్లాడే కేంద్రం అది. మన పిల్లలకు తెలుగు మిగలాలని వారాంతపు తరగతులు నడిపే మనకు, ఒక భాషకు తన యాసతో సహా గౌరవం దక్కడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

సాధించినది, సాధించవలసినది

ఏ పనినైనా పొగిడేటప్పుడు దాని హద్దులు కూడా చెప్పడం ధర్మం. ఈ సంఘాలు సుమారు 75 గ్రామాలలో, దాదాపు 5,000 మంది స్త్రీలతో నడిచినవి. రాష్ట్రం మొత్తంతో పోలిస్తే ఇది సముద్రంలో కాకిరెట్ట వంటిదని అనేవారు ఉన్నారు. పది రకాలు కలిపి విత్తే సేద్యానికి ఒళ్ళు వంచే మనుషులు కావాలి, చదువుకున్న పిల్లలు పట్నం దారి పడుతున్నారు. చుట్టూ చెరకు, పత్తి వంటి అమ్మకపు పంటలు ఆశ చూపుతూనే ఉన్నాయి. బయటి సహాయం లేకుండా ఇంత పని మొదలయ్యేది కాదన్నదీ నిజమే. ఈ మాటలలో సత్యం లేకపోలేదు. కాని ఆ 5,000 మంది ఇళ్ళలో ఆషాఢ మాసపు ఆకలి తగ్గిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. తక్కినవన్నీ దాని తరువాతివి.

వారి మాట దూరం కూడా పోయింది. చిరుధాన్యాలను రేషనులో చేర్చాలని ఈ సంస్థ, దానితో కలిసినవారు ఏళ్ళ తరబడి కోరారు. 2013లో భారత పార్లమెంటు చేసిన ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోబాటు వాటికీ చోటు దక్కింది. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2020లో కరోనా వచ్చి పనులు ఆగిపోయినప్పుడు, ఒకనాడు గింజకోసం చేయి చాచిన ఈ స్త్రీలే తమ గుమ్ముల నుండి గింజలు తీసి ఇతరులకు పంచారు, పనిలో ఉన్న సిబ్బందికి అంబలి కాచి ఇచ్చారు. ఈ చరిత్రలో మమ్మల్ని అన్నిటికన్న కదిలించిన ఘట్టం ఇదే.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడు మార్చి 19న శ్రీ సతీష్ కన్నుమూశారు. తాను నలభై ఏళ్ళు వెంట నడిచిన గింజకు లోకం పట్టం కట్టే వేళ ఆయన లేకపోయారు. నేడు పట్నాల అంగళ్ళలో అందమైన సంచుల్లో కొర్రలు, సామలు బియ్యం కన్న ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. గింజకు గౌరవం వచ్చినందుకు సంతోషించవలసినదే. కాని దానిని కాపాడిన పేదరాలి విస్తట్లో అది మిగిలి ఉంటేనే ఆ గౌరవం నిజమైనదవుతుంది.

చివరగా ఒక మాట. మనం దూరదేశాన ఉన్నాము, జహీరాబాదు జొన్నతో మనకేమి సంబంధమని ఎవరైనా అనుకోవచ్చు. వృక్షశాస్త్రజ్ఞులు చెప్పేది వినండి: జొన్న పుట్టినిల్లు ఈశాన్య ఆఫ్రికా. రాగి తూర్పు ఆఫ్రికా మెట్టసీమలది, సజ్జ పశ్చిమ ఆఫ్రికాది. వేల ఏళ్ళ కిందట ఆ గింజలు సముద్రం దాటి మన దక్కను నేలను చేరి, మన పూర్వుల ఆకలి తీర్చాయి. తరువాత ఆ పూర్వుల సంతానమే ఓడలెక్కి గింజ పుట్టిన ఖండానికి వచ్చింది. ఇక్కడ మన ఇరుగుపొరుగువారు 'అమబేలె' అని పిలిచి జావ కాచుకునేది ఆ జొన్ననే. డర్బన్ అంగడిలో ఆ పిండి సంచీ కనిపించినప్పుడు అది పరాయి తిండి అని పక్కకు పోకండి. ఒకనాడు ఇంటికి తెచ్చి, అంబలి కాచి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఈ కథ చెప్పండి. మన ముత్తవ్వలు ఏమి తిని బతికారో, వారిలా ఓడ ఎక్కకుండా ఉండిపోయిన అక్కచెల్లెళ్ళ మనుమరాళ్ళు ఆ తిండిని ఎలా నిలబెట్టుకున్నారో వారికి తెలియనివ్వండి.

ఏ ఇంటా "అన్నమో రామచంద్రా" అనే కేక వినిపించని రోజు రావాలని, అందుకు పాటుపడే చేతులు ఏ నేలమీదనైనా చల్లగా ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.